లేదు అనే జవాబు

కొర్లగుంట సందులో నా నెట్ సెంటరు.
మధ్యాన్నం మూడున్నర.
నెత్తిన రేకు కాలి టపటపమంటా ఉండాది.
మునికుమారి నర్సింగు సీటుకు కాయితాలు ఎక్కించాల.
అయిదుకి గడువు.
నిన్నటిదాకా తెరుచుకున్న పేజీ
ఇప్పుడు తెల్లగా మొహం పెట్టి
ఆ పేరుతో ఎవురూ లేరు పొమ్మంటాది.

"అక్కా, నా ఫోన్లో వస్తా ఉండాదే" అనింది పాప,
పగిలిన అద్దం మీద వేలు జరపతా.
చూస్తే నిజమే.
ఊరందరికీ కనిపించే ఇల్లు
నా కంప్యూటరుకు మాత్రం కనిపించడం లేదు.

కేబులు పీకి పెట్టినా.
రౌటరు ఆర్పి, నూరు లెక్కబెట్టి, వెలిగించినా.
టీ అంగడి గజేంద్ర వచ్చి
సీపీయూని రెండు తట్లు తట్టి పోయినాడు,
వాళ్ళింట్లో మిక్సీ అట్లే బాగైందంట.

అప్పుడు తోచింది.
మనం కొట్టేది పేరు.
తీగల్లో పేర్లు చెల్లవు, అంకెలే చెల్లుతాయి.
ఎవురి దగ్గిరికో పోయి
ఈ పేరోళ్ళ ఇల్లు యాడని అడిగి
అంకె కనుక్కొని రావాల బ్రౌజరు.
ప్రతితూరీ ఎవురు తిరగతారని
ఒకతూరి విన్నదాన్ని కొంగున ముడేసుకుంటాది.
జిల్లా విడిపోయి ఇన్నేండ్లయినా
పాకాల రెడ్డెప్ప అర్జీ పట్టుకొని
చిత్తూరు బస్సే ఎక్కుతాడే, అట్ల.
ఆయన్ని ఏమనేదానికి లేదు.
ముప్పై ఏండ్లు ఆ మెట్ల మీదే కదా పని జరిగింది.

ఇది పాత అడ్రసు కూడా కాదు.
పొద్దున సర్వరు మార్చినారంట.
మార్చే ఆ కాసేపు
ఆ పేరు ఏ చిట్టాలోనూ లేదంట.
సరిగ్గా అప్పుడే నా బ్రౌజరు పోయి అడిగింది.
లేదన్నారు.
ఆ లేదునే మడిచి దాచుకుంది.
ఇంక ఎన్నితూర్లు నొక్కినా
గడప దాటకుండానే
జేబులోంచి తీసి చూపిస్తా ఉండాది: లేదు, లేదు.

"తుడిచేస్తా" అన్నా.
"అన్నీ పోతాయేమో అక్కా? పాస్‌వర్డులు?"
"పోవు మే. జాతర ఆఖర్న
గంగమ్మ మట్టి రూపం చెరిపేస్తారు కదా,
అమ్మ యాడికన్నా పోయిందా?"
పాప నవ్వలేదు. గడియారం చూసింది.

అడ్రసు గడిలో ఒక పొడుగు మాట,
కింద ఒక చిన్న బటన్.
నల్ల కిటికీ తెరిచి ఇంకో ఆదేశం.
చప్పుడు లేదు, పొగ లేదు.
పేజీ మళ్ళా అడిగింది,
ఈతూరి నిజంగా పోయి అడిగింది.
తెరుచుకునింది.

నాలుగూ నలభై ఏడుకి రసీదు.
పాప యాభై నోటు పెట్టి పరిగెత్తింది,
ముప్పై చిల్లర మరిచిపోయి.

నేను గమ్మున కూర్చున్నా.

భవానీ నగర్లో ఒక నీలం తలుపు ఉండాది.
లామినేషన్ మిషను పదకొండు వేల కాడ
నేనూ నసీమా మాటా మాటా అనుకున్న ఏడు
ఒకతూరి పోయి ఆ తలుపు కొట్టినా.
వాళ్ళన్న సగం తెరిచి "లేదు" అన్నాడు.
అంతే.
బయటికి పోయిందో,
లోపలుండి అట్ల చెప్పించిందో,
బట్టలు ఆరేసేదానికి మిద్దె ఎక్కిందో,
అడగలేదు.
నాలుగేండ్లుగా ఆ మలుపు వస్తానే
బండి స్లో అయితాది,
నాకు నేనే జవాబు చెప్పుకొని
మళ్ళా స్పీడు పెంచతా.

పాల ప్యాకెట్టుకు కూడా తేదీ గుద్దుతారు.
యంత్రంలో దాచిన లేదుకు గూడా
ఇన్ని సెకండ్లని గడువు రాసి ఉంటాదంట.
నాదానికి రాసినోళ్ళు లేరు.

ఆరుకి షట్టరు సగం దించి
మిషను స్విచ్చి ఆపలేదని మళ్ళా ఎత్తినా.
అదే మిషను. ఇంకా వేడిగా ఉండాది.

లీలామహల్ కాడ ఎర్ర లైటు.
తొంభై మూడు, తొంభై రెండు.
వెనక ఆటో అతను అప్పుడే హారను కొడతా ఉండాడు.
ఒక పేరును నోట్లో తిప్పుకుంటా నిలబడినా,
దాన్ని ఎప్పుడూ పిలవని దాని మాదిరి.